భర్త వేసిన పిటిషన్ నడుస్తుండగా ఇల్లు మారితే అడ్రసు ఎక్కడెక్కడ మార్చాలి?



ఈ మధ్య టీసీ నకలు కోసమో, పుట్టిన తేదీ సర్టిఫికెట్ కోసమో స్కూలుకి వచ్చేవాళ్ళలో అమెరికా సంబంధాల వాళ్ళు కూడా ఉంటున్నారు. అమ్మాయికి పెళ్ళయింది, అల్లుడు గారు అక్కడి నుంచి పిటిషన్ వేశారు, ఇక్కడ కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. వాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మాస్టారూ, అల్లుడు గారు ఇల్లు మారారు. అమ్మాయి కూడా ఇప్పుడు ఇక్కడ లేదు. పిటిషన్‌లో పాత అడ్రసే ఉంది. ఏమైనా అవుతుందా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ధైర్యంగా ఉండండి. ఇల్లు మారినంత మాత్రాన ఏ పిటిషనూ పోదు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు మారుతూనే ఉంటారని ఆ ఆఫీసు వాళ్ళకీ తెలుసు. ప్రమాదం ఎక్కడంటే, వాళ్ళు పంపిన ఉత్తరం పాత ఇంటికి వెళ్ళడం, మనకి సంగతే తెలియకపోవడం, జవాబు ఇవ్వాల్సిన గడువు దాటిపోవడం. పిటిషన్ పోతే అలా పోతుంది.

ఇంకో సంగతి ముందే తేల్చుకుందాం. అమెరికాలో ఉన్న ప్రతి అల్లుడూ ఈ పిటిషన్ వేయలేడు. ఐ-130 అనే ఈ ఫారం వేయాలంటే అతను అక్కడి పౌరుడైనా అయి ఉండాలి, గ్రీన్ కార్డు ఉన్నవాడైనా అయి ఉండాలి. హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్న కుర్రాడైతే భార్య హెచ్-4 వీసా మీద వెళ్తుంది, దాని దారి వేరు. సంబంధం మాట్లాడుకునేటప్పుడే ఇది అడిగి తెలుసుకోవడం మంచిది. మొహమాటపడి అడగరు, తర్వాత "మా వాడు పిటిషన్ వేశాడట" అని ఊరంతా చెప్తారు, తీరా చూస్తే అది ఇంకేదో కాగితం.

సరే, పిటిషన్ వేశాడు. అది ఎక్కడెక్కడ తిరుగుతుందో చూద్దాం. మొదట యూఎస్‌సీఐఎస్ అనే ఇమ్మిగ్రేషన్ శాఖ దగ్గరికి వెళ్తుంది. పెళ్ళి నిజమైనదేనా, పిటిషన్ వేసినవాడికి ఆ అర్హత ఉందా అని చూసేది వాళ్ళు. వాళ్ళు ఒప్పుకున్నాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి పోతుంది. అది న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పోర్ట్స్‌మత్ అనే ఊళ్ళో ఉంది, వాడుకలో ఎన్‌వీసీ అంటారు. అక్కడ ఫీజులు, వీసా దరఖాస్తు, సర్టిఫికెట్లు పూర్తయ్యాక ఇంటర్వ్యూ కోసం కాన్సులేట్‌కి వస్తుంది. మన దేశంలో ఇలాంటి కేసులు ఎక్కువగా ముంబై కాన్సులేట్‌లోనే జరుగుతాయి.

మొదటిది ఆ దేశపు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉంటుంది. తర్వాతి రెండూ విదేశాంగ శాఖవి. కాబట్టి ఒక చోట అడ్రసు మారిస్తే రెండో చోట దానంతట అది మారదు. మనకిది కొత్త కాదు. ఆధార్‌లో అడ్రసు మార్చుకున్నామని ఓటరు కార్డులోనూ రేషన్ కార్డులోనూ మారిపోతుందా? మారదు. అక్కడా అంతే. అమెరికా కదా, అన్నీ కంప్యూటర్లే కదా, ఒకచోట నొక్కితే అన్నిచోట్లా మారిపోతుందిలే అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

ముందు అల్లుడు గారి సంగతి చూద్దాం. ఎక్కువ ఉత్తరాలు వెళ్ళేది ఆయనకే. పిటిషన్ వేసింది ఆయన కాబట్టి, పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌లో ఉన్నంతకాలం రసీదు, ఇంకా కాగితాలు కావాలనే నోటీసు, మంజూరు పత్రం అన్నీ ఆయన ఇచ్చిన అడ్రసుకే పోతాయి. లాయరు ఉంటే లాయరుకి కూడా వెళ్తాయి. బోరిగుమ్మలో కూర్చున్న అమ్మాయికి ఈ దశలో పోస్టులో ఏమీ రాకపోవచ్చు. "మాకేమీ రాలేదు" అంటే కేసు ఆగిపోయిందని అర్థం కాదు.

గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు, వీసాల మీద ఉన్నవాళ్ళు ఇల్లు మారిన 10 రోజుల్లోగా కొత్త అడ్రసు తెలపాలని అక్కడి చట్టం. దౌత్యవేత్తల్లాంటి కొద్దిమందికే మినహాయింపు. ఈ పద్ధతికి వయసు చాలానే ఉంది. విదేశీయులందరూ పేరు నమోదు చేయించుకోవాలని 1940లో చట్టం తెచ్చారు. ఇప్పుడు నడుస్తున్న ఇమ్మిగ్రేషన్ చట్టం 1952 నాటిది, అడ్రసు తెలపాలన్న నియమం అందులో 265వ సెక్షన్. తెలపకపోతే జరిమానా, జైలు రెండూ చట్టంలో రాసి ఉన్నాయి. అందరినీ జైల్లో పెడుతున్నారని కాదు. పెట్టగల అధికారం కాగితం మీద ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ తెలియజేసే ఫారం పేరు ఏఆర్-11. దానికి ఫీజు లేదు, ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేదు.

అల్లుడు గారు అక్కడి పౌరుడైతే ఏఆర్-11 నియమం ఆయనకి వర్తించదు. దాంతో కొందరు "మాకు అక్కర్లేదు" అని ఊరుకుంటారు. చట్టం శిక్షించదు, నిజమే. కానీ నడుస్తున్న పిటిషన్‌లో పాత అడ్రసు ఉండిపోతే ఉత్తరం పాత ఇంటికే పోతుంది. ఉత్తరానికి పౌరుడని, గ్రీన్ కార్డువాడని తేడా ఉండదు కదా. కాబట్టి పౌరుడైనా సరే, పెండింగ్‌లో ఉన్న కేసుకి అడ్రసు మార్చి తీరాలి.

ఎలా మార్చాలి? యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటులో సొంత ఖాతా తెరిచి అందులో మార్చడం అన్నిటికన్నా మేలు. 2023 నుంచి ఈ సదుపాయం బాగా సులువు చేశారు. ఖాతాలోకి వెళ్ళి కొత్త అడ్రసు ఇచ్చి, కేసు రసీదు నంబరు జోడిస్తే, ఏఆర్-11 బాధ్యతా తీరుతుంది, పెండింగ్ కేసులోనూ మారుతుంది. రసీదు నంబరు అంటే మూడు అక్షరాలు, పది అంకెలు, మొత్తం 13. ఆన్‌లైన్‌లో వేసిన పిటిషన్ అయితే ఆ మూడు అక్షరాలు ఐ, ఓ, ఇ అని ఉంటాయి. భర్త ఒక్కడికే కాదు, భార్యకీ ఆ నంబరు తెలిసి ఉండాలి. ఫోనులో ఫొటో ఒకటి, ఇంట్లో పుస్తకంలో రాసినది ఒకటి ఉంచుకోండి. కేసు ఎంతవరకూ వచ్చిందో ఆ నంబరుతో బోరిగుమ్మ నుంచి కూడా ఎవరైనా చూసుకోవచ్చు.

ఏఆర్-11 ఫారాన్ని కాగితం మీద నింపి పోస్టులో పంపితే చట్టం చెప్పిన బాధ్యత తీరుతుంది గాని, పెండింగ్ కేసుల్లో అడ్రసు మారదు. దానికి మళ్ళీ విడిగా చెప్పాలి. "నేను ఏఆర్-11 పంపానండీ" అని అల్లుడు గారు అంటే, "ఆన్‌లైన్‌లోనా, పోస్టులోనా? రసీదు నంబరు వేశారా?" అని అమ్మాయి చేత అడిగించండి. మామగారు సూటిగా అడిగితే బాగుండదు, అమ్మాయి అడిగితే పరవాలేదు.

అక్కడి పోస్టాఫీసులో అడ్రసు మార్పు రాసి వచ్చానులే అనేవాళ్ళూ ఉంటారు. పోస్టాఫీసు వేరు, ఇమ్మిగ్రేషన్ శాఖ వేరు. పోస్టాఫీసు పుస్తకంలో మారితే పిటిషన్‌లో మారినట్టు కాదు. అది కూడా చేయించుకోవచ్చు, తప్పులేదు. దాని మీదే ఆధారపడకూడదు. రాబోయే ఉత్తరాల ఫొటో ముందుగానే ఈమెయిల్‌కి వచ్చే సదుపాయం ఒకటి అక్కడి తపాలా శాఖ ఉచితంగా ఇస్తోంది, ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ అంటారు. అది పెట్టుకుంటే మంచిది.

ఇంకో చిన్న విషయం ఉంది, చిన్నదే గాని ఉత్తరాలు తప్పిపోవడానికి పెద్ద కారణం. మన కుర్రాళ్ళు నలుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, అద్దె కాగితం ఒకరి పేరు మీద ఉంటుంది. పోస్టు డబ్బా మీద మిగతావాళ్ళ పేర్లు ఉండవు. ఉత్తరం తెచ్చినవాడు ఈ పేరువాళ్ళు ఇక్కడ లేరని వెనక్కి తీసుకుపోతాడు. ఫారంలో "ఫలానావారి ద్వారా" అని రాయడానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది. మనం ఉత్తరాల మీద "కేరాఫ్" అని రాసుకునేదే అది. అద్దె ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ పేరు అందులో రాయాలి. అపార్ట్‌మెంట్ నంబరు మరవకూడదు. వందల వాటాలున్న సముదాయంలో నంబరు లేని ఉత్తరం ఎవరికి చేరుతుంది?

ఇప్పుడు అసలు నష్టం ఎలా జరుగుతుందో చెప్తాను. పెళ్ళి ఫొటోలు చాలవు, ఇంకా రుజువులు పంపండి అని యూఎస్‌సీఐఎస్ నోటీసు పంపిందనుకోండి. దానికి జవాబు ఇవ్వడానికి నిబంధనల ప్రకారం గరిష్ఠంగా ఇవ్వగలిగేది 12 వారాలు. ఆ గడువు పొడిగించరు. జవాబు రాకపోతే పిటిషన్ వేసినవాడే దాన్ని వదిలేసుకున్నాడని భావించి కొట్టేస్తారు. అలా కొట్టేసిన దాని మీద అప్పీలు ఉండదు. మళ్ళీ తెరవమని అడగడం ఒక్కటే దారి. దానికీ కారణాలు కొన్నే ఒప్పుకుంటారు. వాటిలో ఒకటి మన విషయానికి సూటిగా తగులుతుంది. పిటిషన్ వేశాక, ఆ నోటీసు పంపక ముందే, అడ్రసు మారిందని రాతపూర్వకంగా తెలియజేసి ఉండాలి, అయినా నోటీసు కొత్త అడ్రసుకి వెళ్ళకపోయి ఉండాలి. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. అడ్రసు మార్చిన మనిషికి ఉత్తరం తప్పిపోయినా రక్షణ ఉంది. మార్చని మనిషికి, "నేను ఇల్లు మారానండీ, నాకు తెలియదు" అని ఎంత నిజం చెప్పినా ఆ రక్షణ లేదు. అందుకే మార్చిన వెంటనే వచ్చే ధ్రువీకరణను, తేదీ కనిపించేలా ప్రింటు తీసి దాచాలి. ఫోనులో చెప్పి ఊరుకోవడం చాలదు, నిబంధనలో ఉన్న మాట "రాతపూర్వకంగా" అని. ఫోనులో చెప్పినా, ఆన్‌లైన్‌లో కూడా మార్చి కాగితం ఉంచుకోవాలి.

లాయరు ద్వారా వేసిన పిటిషన్ అయితే లాయరుకీ చెప్పాలి. లాయరు చూసుకుంటాడులే అని వదిలేయకండి. మన ఇల్లు మారిన సంగతి లాయరుకి కలలో కనిపించదు.

ఇక అమ్మాయి అడ్రసు. అమెరికాలో నివాసం లేని మనిషికి ఏఆర్-11 లేదు. పిటిషన్ ఇంకా యూఎస్‌సీఐఎస్ దగ్గరే ఉంటే, భార్య అడ్రసు మారిందని చెప్పాల్సింది పిటిషన్ వేసిన భర్త. ఆన్‌లైన్‌లో వేసి ఉంటే అదే ఖాతాలోకి ఒక చిన్న ఉత్తరం అప్‌లోడ్ చేయవచ్చు. రసీదు నంబరు, భార్య పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాత అడ్రసు, కొత్త అడ్రసు, ఎప్పటి నుంచి అన్నది రాస్తే సరిపోతుంది. నాలుగు లైన్ల ఉత్తరం, కథలు అక్కర్లేదు.

ఇక్కడ పెద్దలకి ఒక భయం ఉంటుంది. అమ్మాయి పెళ్ళయ్యాక కొన్నాళ్ళు సాలూరులోనో పార్వతీపురంలోనో అత్తవారింట ఉంది, తర్వాత బోరిగుమ్మలో పుట్టింటికి వచ్చింది, ఇప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తోంది అనుకోండి. ఇలా తిరిగినట్టు రాస్తే పెళ్ళి మీద అనుమానపడతారేమో, అత్తవారి అడ్రసే రాసేద్దామా అంటారు. వద్దు. భర్త అక్కడ, భార్య ఇక్కడ ఉన్నప్పుడు అమ్మాయి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. అదేమీ అనుమానించే విషయం కాదు. ఉండని చోట ఉన్నట్టు రాసి, ఇంటర్వ్యూలో అధికారి "ఈ ఇంట్లో ఎన్ని గదులు?" అంటే తెల్లమొహం వేయడం మాత్రం అనుమానమే. నివాసం అనే గడిలో నిజంగా ఉంటున్న చోటు రాయాలి. ఉత్తరాలు అందే అడ్రసు వేరుగా ఇచ్చే గడి ఉన్నచోట, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఇంటి అడ్రసు ఇవ్వవచ్చు. పుట్టిల్లు దానికి బాగుంటుంది.

అడ్రసు మార్చడం వేరు, పాత అడ్రసు చెరిపేయడం వేరు. పిటిషన్‌తో పాటు భార్య గురించి ఇచ్చే ఐ-130ఏ అనే ఫారం గడిచిన 5 ఏళ్ళలో ఎక్కడెక్కడ ఉన్నారో అడుగుతుంది. తర్వాత ఎన్‌వీసీ దశలో నింపే డీఎస్-260 దరఖాస్తు ఇంకా వెనక్కి వెళ్ళి, 16వ ఏట నుంచి ఉన్న చోట్లన్నీ అడుగుతుంది. మన పిల్లలకి 16 అంటే పది పాసయ్యే వయసు. ఆ తర్వాత కొందరు జయపురం కాలేజీకి, కొందరు బరంపురానికి, కొందరు విశాఖపట్నం హాస్టళ్ళకి పోతారు. ఏ నెలలో ఏ హాస్టల్లో చేరారో పదేళ్ళ తర్వాత ఎవరికి గుర్తుంటుంది? ఇప్పుడే ఒక నోటుబుక్కులో వరసగా రాసి పెట్టండి. కాలేజీ ఫీజు రసీదులు, మార్కుల జాబితాలు, మా దగ్గర ఉన్న టీసీ తేదీ చూస్తే సంవత్సరాలు తేలిపోతాయి. స్కూలు రికార్డులో తేదీ కావలసినవాళ్ళు దరఖాస్తు రాసి ఇస్తే చూసి చెప్తాం. అయితే ఫలానా చోట నివాసం ఉంటున్నారని సర్టిఫికెట్ ఇచ్చే అధికారం స్కూలుకి లేదు. అది తహసీల్దారు ఆఫీసు పని. దయచేసి దాని గురించి ఒత్తిడి చేయకండి.

మన ప్రాంతం అడ్రసులు రాయడంలో మనకే ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఒడిశాలో మనం "ఎట్/పీవో బోరిగుమ్మ, వయా ఫలానా, జిల్లా కొరాపుట్" అని రాస్తాం. అమెరికా ఫారంలో ఎట్, పీవో, వయా అనే గడులు ఉండవు. వీధి, ఊరు, రాష్ట్రం, పిన్ కోడ్, దేశం అని ఉంటాయి. ఇంటి నంబరు లేని ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. అలాంటప్పుడు వీధి గడిలో వీధి పేరు, దగ్గర్లోని గుర్తు రాసి, ఊరు గడిలో పోస్టాఫీసు ఉన్న ఊరు రాయండి. పిన్ కోడ్ మాత్రం తప్పనిసరి.

స్పెల్లింగ్ ఇంకో గొడవ. బోరిగుమ్మని ఇంగ్లీషులో ఒక ఎమ్‌తో రాసేవాళ్ళున్నారు, రెండు ఎమ్‌లతో రాసేవాళ్ళున్నారు. ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఒకలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో చూసి, అన్నిచోట్లా అదే వాడండి. జయపురం వాళ్ళు మరీ జాగ్రత్త. మన జయపురాన్ని ఇంగ్లీషులో జె, ఇ, వై, పి, ఓ, ఆర్, ఇ అని రాస్తారు. తొందరలో నెట్ సెంటర్ కుర్రాడు జైపూర్ అని కొట్టాడంటే అది రాజస్థాన్ అయిపోతుంది. రాయగడ వాళ్ళకీ ఇదే బాధ. ఛత్తీస్‌గఢ్‌లో రాయగఢ్ ఉంది, మహారాష్ట్రలో రాయగడ్ ఉంది.

జిల్లాల పేర్లు కూడా మారాయి. 1992 అక్టోబరు 2న పాత కొరాపుట్ జిల్లాని నాలుగు చేశారు, కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కాన్‌గిరి అయ్యాయి. అంతకుముందు గుణుపురంలో పుట్టినవాళ్ళ సర్టిఫికెట్‌లో జిల్లా కొరాపుట్ అని ఉంటుంది, ఇప్పుడు వాళ్ళుండేది రాయగడ జిల్లా. ఆ పుట్టిన కాగితం తప్పు కాదు. 2011కి ముందు కాగితాల్లో రాష్ట్రం పేరు ఇంగ్లీషులో ఒరిస్సా అని ఉంటుంది, అదీ తప్పు కాదు. అవతల ఆంధ్రాలో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. సాలూరు, పార్వతీపురం విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాయి. అమ్మాయి అత్తవారిల్లు కదలకుండానే జిల్లా మారిపోయింది! పాత కాగితాలను అలాగే ఉంచి, కొత్త ఫారాల్లో ఇప్పటి జిల్లా పేరు రాయండి. అడిగితే ఒక్క వాక్యంలో చెప్పవచ్చు, జిల్లా విడిపోయిందని. (1936 వరకు ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోనే ఉండేది. తాతగారి కాగితాలు తీస్తే ఇంకా వేరే పేర్లు కనిపిస్తాయి. అదృష్టం, అమెరికా వాళ్ళు తాతగారి అడ్రసు అడగరు.)

మన స్కూలు పిల్లలకి సంబంధించిన ఒక గడి ఐ-130లో ఉంది. లబ్ధిదారు మాతృభాష ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది కాకపోతే, ఆ మనిషి పేరు, విదేశంలోని అడ్రసు సొంత లిపిలో కూడా రాయాలి. ఒడిశాలో ఉంటున్నాం కాబట్టి ఒడియాలో రాయాలేమో అని కొందరికి సందేహం. అడిగింది ఆ మనిషి సొంత రాతభాష. తెలుగులో చదువుకుని, తెలుగులో సంతకం పెట్టే అమ్మాయి తెలుగులోనే రాయవచ్చు. తెలుగు మీడియంలో చదివించి ఏం లాభం అని అడిగేవాళ్ళకి, ఇదిగో, అమెరికా ప్రభుత్వమే ఒక గడి ఖాళీగా పెట్టింది! విషయం ఏమిటంటే అల్లుడు గారు అక్కడే పుట్టి పెరిగినవాడైతే ఆ గడి ఆయన నింపలేరు. అమ్మాయి తన చేత్తో స్పష్టంగా రాసి ఫొటో తీసి పంపాలి.

పిటిషన్ మంజూరై ఎన్‌వీసీకి వెళ్ళాక లెక్క మారుతుంది. ఇక్కడ నుంచి ఉత్తరాలు దాదాపు అన్నీ ఈమెయిల్‌లోనే. కొత్త కేసు నంబరు ఇస్తారు, ముంబై కేసులకి బీ, ఎమ్, బీ అని మొదలవుతుంది. దానితో పాటు ఇన్వాయిస్ నంబరు ఇస్తారు. ఆ రెండూ ఉంటేనే వాళ్ళ వెబ్‌సైటులోకి వెళ్ళగలం. యూఎస్‌సీఐఎస్‌లో మార్చిన అడ్రసు ఇక్కడికి రాలేదనే అనుకుని, భర్తదీ భార్యదీ అడ్రసు, ఫోను, ఈమెయిల్ మూడూ సరిచూసుకోవాలి. తప్పు ఉంటే వాళ్ళ వెబ్‌సైటులో ఉన్న ప్రశ్నల ఫారం ద్వారా రాయాలి.

కాబట్టి ఈ దశలో అసలు అడ్రసు ఈమెయిలే. మన దగ్గర నెట్ సెంటర్‌లో ఫారం నింపించేటప్పుడు "ఈమెయిల్ లేదమ్మా? నాది పెట్టేస్తాలే" అని వాళ్ళ ఈమెయిల్ పెట్టేయడం అలవాటు. స్కాలర్‌షిప్ ఫారానికే అది మంచిది కాదు. దీనికైతే అసలు ఒప్పుకోకండి. ఆ కుర్రాడు దుకాణం మూసేసి సూరత్ వెళ్ళిపోతే అమ్మాయి ఇంటర్వ్యూ పిలుపు అతనితో పాటే పోతుంది. అమ్మాయి పేరు మీద ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ అమ్మాయి దగ్గరే ఉంచి, వారానికి ఒకసారైనా చూడాలి. అనవసరపు మెయిళ్ళు పడే పెట్టె కూడా చూడాలి. పెళ్ళయ్యాక సిమ్ మార్చే అలవాటు ఉంటే, పాత నంబరు వదిలేసే ముందు అది ఎక్కడెక్కడ ఇచ్చారో గుర్తు చేసుకోండి.

ఎన్‌వీసీ దగ్గర మౌనంగా ఉండిపోవడం ప్రమాదం. వీసాకి దరఖాస్తు చేసుకోమని నోటీసు ఇచ్చాక ఏడాది లోపు ఏ కదలికా లేకపోతే కేసు నమోదును రద్దు చేయాలని అదే 1952 చట్టంలో ఉంది. నోటీసు ఇచ్చిన రెండేళ్ళలోపు, అది మన చేతిలో లేని కారణంగా జరిగిందని రుజువు చేస్తే తిరిగి నిలబెడతారు. కానీ ఆ రుజువు మనమే తేవాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ భార్యలకి ఏడాదికి ఇన్నే వీసాలని పరిమితి ఉంటుంది కాబట్టి వంతు కోసం చూడాల్సి వస్తుంది. పౌరుల భార్యలకి ఆ పరిమితి లేదు. వంతు కోసం చూసేవాళ్ళే అడ్రసు విషయంలో ఎక్కువ నిర్లక్ష్యం చేస్తారు, ఇంకా టైముంది కదా అని. ఈలోగా భర్త పౌరసత్వం తెచ్చుకుంటే అది కూడా వెంటనే ఎన్‌వీసీకి తెలపాలి. వంతుతో పని లేకుండా పోతుంది.

డీఎస్-260 పంపేశాక మనంతట మనం దిద్దలేం. ఆ తర్వాత ఇల్లు మారితే ఎన్‌వీసీకి రాసి తెరిపించుకోవాలి. ఫైలు ముంబైకి వెళ్ళిపోయి ఉంటే కాన్సులేట్‌కి రాయాలి, ఇంటర్వ్యూ రోజున కూడా నోటితో చెప్పాలి.

మన వైపు కాగితాల్లో పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ ఒకటి అడ్రసుతో ముడిపడి ఉంది. దాన్ని పాస్‌పోర్టు సేవా ద్వారా తీసుకోవాలి. ప్రస్తుతం ఉంటున్న చోటు పోలీస్ స్టేషన్ నుంచి విచారణ వస్తుంది. హైదరాబాదులో ఉంటూ బోరిగుమ్మ అడ్రసు ఇస్తే, కానిస్టేబుల్ వచ్చిన రోజున అమ్మాయి ఇంట్లో ఉండదు. విచారణ తేడాగా రాసి పంపితే అది ఇంకో ఆలస్యం. కాబట్టి దరఖాస్తు చేసే ముందే ఎక్కడ ఉంటుందో నిర్ణయించుకుని, ఆ చోటుకి రుజువు సిద్ధం చేసుకోవాలి. పాస్‌పోర్టు చివరి పేజీలో పుట్టింటి అడ్రసు ఉందని మాత్రం కంగారు పడక్కర్లేదు. అమెరికా పిటిషన్ దానివల్ల ఆగదు.

ఇప్పటికే ఒక ఉత్తరం తప్పిపోయిందని అనుమానం ఉంటే రసీదు నంబరు వేసి చూడండి. "నోటీసు పంపాం" అని తేదీతో సహా కనిపించి, చేతికి ఏమీ అందకపోతే, అదే వెబ్‌సైటులో నోటీసు అందలేదని ఫిర్యాదు చేసే వీలుంది. ముందు అడ్రసు మార్చి, తర్వాత ఆ ఫిర్యాదు పెట్టాలి. లేకపోతే రెండో నోటీసూ పాత ఇంటికే పోతుంది. అప్పటికే కొట్టేశారని కనిపిస్తే ఆలస్యం చేయకుండా అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరుని కలవమని అల్లుడు గారికి చెప్పండి. తిరిగి తెరవమని అడగడానికి మామూలుగా 30 రోజులే గడువు, పోస్టులో పంపిన నిర్ణయానికి ఇంకో 3 రోజులు కలుపుతారు. అది స్కూలు మాస్టారు చెప్పే పని కాదు.

"మీ అడ్రసు తప్పుంది, సరిచేయాలంటే ఇంత కట్టండి" అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. అడ్రసు మార్పుకి ఎక్కడా డబ్బు తీసుకోరు. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి, ఎంత ఇంగ్లీషు మాట్లాడినా సరే.

చివరి దశ, అందరూ మరిచిపోయేది. వీసా వచ్చింది, సామాను సర్దుకున్నారు. గ్రీన్ కార్డు అసలు కార్డు ఇక్కడ ఇవ్వరు, అమెరికా చేరాక పోస్టులో ఇంటికి పంపుతారు. ఏ ఇంటికి? డీఎస్-260లో ఇచ్చిన అమెరికా అడ్రసుకి. దరఖాస్తు నింపిన రోజుకీ విమానం ఎక్కే రోజుకీ మధ్య చాలా నెలలు గడుస్తాయి. భార్య వస్తోందని అల్లుడు గారు స్నేహితుల గది వదిలి వేరే ఇల్లు తీసుకోవడం సహజం. అప్పుడు కార్డు ఆ స్నేహితుల గదికి పోతుంది. విమానం దిగిన చోట ఇమ్మిగ్రేషన్ అధికారి అడ్రసు సరిచూసుకునేటప్పుడు కొత్తది చెప్పాలి. అమ్మాయి పర్సులో కొత్త అడ్రసు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం పెట్టి పంపండి. అంత దూరం ప్రయాణం చేసి దిగాక ఎవరికీ అపార్ట్‌మెంట్ నంబరు గుర్తుకు రాదు.

అక్కడ దిగిన రోజు నుంచి 10 రోజుల నియమం అమ్మాయికీ వర్తిస్తుంది. ఆ తర్వాత ఇల్లు మారినప్పుడల్లా భర్త ఒక్కడు మార్చితే చాలదు, ఆమె తన పేరు మీద తను మార్చుకోవాలి. భార్య పోషణకి హామీ ఇస్తూ ఐ-864 సంతకం చేసిన భర్త, అతను పౌరుడైనా సరే, ఆమెకి గ్రీన్ కార్డు వచ్చాక తను ఇల్లు మారిన 30 రోజుల్లోగా ఐ-865 అనే మరో ఫారంలో తెలపాలి. జీతం చాలక మేనమామో, అన్నయ్యో ఉమ్మడిగా హామీ సంతకం చేసి ఉంటే ఆయనకీ అదే నియమం. ఆయనకి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు, మీరే చెప్పండి.

— ప్రధానోపాధ్యాయుడు